ఊపిరి మరచిన బిడ్డ

నేను వైద్యశాస్త్రము చదివినదానను గాను. మా తండ్రిగారు వీధియరుగుమీద కూర్చుండబెట్టుకొని భారత భాగవతములును, నాలుగు కావ్యములును చెప్పిరి. అంతటితో నా చదువు ముగిసినది. మావారు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టరు. ఇట్టి నేను నవజాత శిశువుల శ్వాసమును గూర్చి వ్రాయబూనుట సాహసమే యగును. అయినను మా రెండవ బిడ్డ నలువదియేడు దినములు ఆసుపత్రిలో నుండగా నేను కన్నదియు, విన్నదియు, పిమ్మట మావారి సాయమున చదివి తెలిసికొన్నదియు సోదరీమణులకు చెప్పకుండుట భావ్యము గాదని తోచినది. ఈ నాలుగు మాటలును ఎవరైన నాకు ముందుగా చెప్పియున్నయెడల నా మొదటి వారము అంత చీకటిగా గడచియుండెడిది కాదు.

2018వ సంవత్సరమున జరిగిన మాట. మాఘమాసమున రావలసిన బిడ్డ కార్తికముననే బయలుదేరినాడు. ఒకనాటి వేకువ తులసికోటకడ దీపము పెట్టుచుండగా ఉమ్మనీరు పోయినది. 108 బండిలో నన్ను పట్టణమునకు కొనిపోయిరి. అచ్చటి డాక్టరమ్మగారు కాన్పును ఒక్క దినమైనను ఆపజూచి, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమగుటకై నాకు స్టెరాయిడు సూదిమందు నిచ్చిరి. దీని గుణమును న్యూజీలాండు దేశమున లిగ్గిన్సు, హౌవీ యను వైద్యులు 1972లో వెల్లడించిరట. మరునాటి రాత్రి మగబిడ్డ కలిగెను. సరిగా ముప్పది వారములు. బరువు 1,300 గ్రాములు. బిడ్డ సన్నగా నేడ్చెను. ఆ యేడుపు విని గండము గడచినదనుకొంటిని.

గండము రెండవ రాత్రి వచ్చినది. నన్ను చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి శిశువుల గదికి తీసికొనిపోయిరి. గాజుపెట్టె ప్రక్క రంధ్రముగుండ చేయి పోనిచ్చి వాని పిడికిలిని తాకుచుంటిని. అంతలో వాని రొమ్ము కదలుట మానినది. గాఢనిద్ర పట్టినదని సంతసించితిని! చూచుచుండగనే పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగినవి. యంత్రము కూయసాగినది. సిస్టరుగారు తొందరపాటు లేని నడకతో వచ్చి, పెట్టె తలుపు తెరచి, బిడ్డ యరికాలిని వ్రేలితో రెండుమార్లు మెల్లగా తట్టి, మెడక్రింది గుడ్డమడతను సరిచేసిరి. బిడ్డ ఒక్కమారు ఒడలు విదిల్చి ఊపిరి పీల్చెను.

"ఏమీ లేదమ్మా, ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. గుర్తుచేశాను," అని చెప్పి, చీటిలో వ్రాసికొని, ఆమె వేరొక పెట్టెకడకు పోయిరి.

నాకు కాలుసేతులాడలేదు. ఆకలి మరచువారిని, నిద్ర మరచువారిని ఎరుగుదుము గాని ఊపిరి మరచుట యెక్కడనైన నుండునా? ఇంద్రియములన్నియు తమలో నెవరు గొప్ప యని కలహించి, కన్ను పోయినను చెవి పోయినను దేహము నిలిచియుండగా, ప్రాణము లేవబోవుటతోనే అన్నియు గడగడలాడి దానికి మ్రొక్కిన కథ ఉపనిషత్తులలో నున్నది. చిన్ననాడు తండ్రిగారు చెప్పగా విని నవ్వినదానను. ఆ రాత్రి గాజుపెట్టె ప్రక్కన నాకు నవ్వు రాలేదు.

మరునాడు పెద్ద డాక్టరుగారు మా యిద్దరిని కూర్చుండబెట్టి విషయము చెప్పిరి. కడుపులోని బిడ్డకు తన యూపిరితో పని లేదు. మాయద్వారమున తల్లి నెత్తురునుండియే ప్రాణవాయువు చేరును. అప్పుడప్పుడు రొమ్ము కదలించుట రాబోవు పనికి అభ్యాసము మాత్రమే. ఊపిరిని నడపు కేంద్రము మెదడు అడుగుభాగమున, వెన్నుపాము మొదలిడుచోట నుండును. మనకు నెత్తురులో బొగ్గుపులుసు వాయువు కొంచెము హెచ్చినంతనే ఆ కేంద్రము మేల్కొని "పీల్చుము" అని యాజ్ఞాపించును. నెలలు నిండని బిడ్డకు ఆ మేలుకొలుపు సరిగా నందదు. ప్రాణవాయువు తగ్గినప్పుడు పెద్దవారు ఎగయూపిరి తీయుదురు గదా. ఈ శిశువులు క్షణకాలము అట్లే చేసి, పిమ్మట మరింత నెమ్మదించి, కడకు ఆగిపోవుదురు. ఒక్కొకప్పుడు ఆజ్ఞ వచ్చినను మెత్తని గొంతు ముడుచుకొని దారి మూసికొనును. మెడ ముందుకు వంగినచో నిది మరింత సులభముగా జరుగును. పెక్కుమారులు ఈ రెండు కారణములును కలిసియే యుండును.

ఊపిరి నడుమ కొంచె మాగినంతమాత్రమున దానిని రోగ మనరాదు. పసిబిడ్డలు నాలుగు ఊపిరులు త్వరత్వరగా తీసి, అయిదు మొదలు పది సెకండ్లవరకు ఊరకుండి, మరల తీయుట కలదు. అది సహజము. ఊపిరి 20 సెకండ్లు గాని అంతకు మించి గాని ఆగినను, లేక అంతకు తక్కువయే యాగినను గుండె వేగము పడిపోయి ఒంటిరంగు మారినను, అప్పుడు దానిని వైద్యులు ఆప్నియా యందురు. 28 వారములకు ముందు పుట్టినవారిలో దాదాపు అందరికి, 30, 31 వారములవారిలో ఇంచుమించు సగముమందికి ఇది వచ్చును. 34, 35 వారములు గడచి పుట్టినవారిలో నూటికి ఏడుగురికే కనబడును. బిడ్డ పెరిగి, మెదడు పక్వమై, 36, 37 వారముల యీడు వచ్చుసరికి సాధారణముగా తనంతట మానును. మిక్కిలి ముందుగా పుట్టినవారికి మరి కొన్ని వారములు పట్టవచ్చును.

"కావున మా పని వానిని మాన్పుట కాదమ్మా, పక్వమగువరకు కాచుకొనుట," అని డాక్టరుగారు ముగించిరి.

ఇక నా నేరము మాట చెప్పెదను. ఆ యేడు జూలై 27వ తేది రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము పట్టినది. నాకప్పుడు మూడవ నెల. పెద్దపిల్లకు దాహమైనదని పెరటిలోనికి పోయి బిందెనుండి నీరు ముంచితిని. ఈ సంగతి ఇరుగుపొరుగులకు తెలియును. బిడ్డ నెలతక్కువగా పుట్టెనని వినగానే "గ్రహణమున బయట తిరిగిన ఫలము" అని ఒకరు, "బాలగ్రహము సోకినది, చురక పెట్టింపవలె" నని మరియొకరు పలికిరట. ఆ మాటలు ఆసుపత్రివరకు వచ్చి నా చెవిని పడినవి. పైకి మాటాడకున్నను, నేనును లోలోపల అట్లే నమ్మితిని. చదువుకొన్నదాననే! బిడ్డ ఊపిరి ఆగినప్పుడెల్ల నాటి బిందె కండ్లకు గట్టెడిది.

మా అత్తగారు డెబ్బదియేండ్ల వారు, మడి యాచారములు తప్పనివారు. ఆమె మొగము చూచుటకే జంకితిని. నాలుగవనాడు ఆమె నా ప్రక్కన కూర్చుండి, నా తల నిమిరి, "అమ్మాయీ, గ్రహణము లోకమంతటికి పట్టినది. ఆ రాత్రి మన వీధిలో ముగ్గురు చూలాండ్రుండిరి. తక్కిన యిద్దరికి నెలలు నిండినవి గదా? చంద్రునికి మన యింటిమీదనే పగ యేమి? ఊరివారికి నోరు నొప్పి పుట్టువరకు అననిమ్ము. నీవు పాలు పిండి పంపుము," అనిరి. డాక్టరమ్మగారు కూడ ఉమ్మనీరు ముందుగా పోవుటకు పెక్కు కారణములుండునని, అందు గ్రహణము లేదని చెప్పిరి. అత్తగారి మాటయే నాకు ముందు మందైనది.

వానికిచ్చిన మందును గూర్చి చెప్పిన నవ్వుదురేమో. అది కెఫీన్ సిట్రేటు. మన కాఫీలోని సారమే. మెదడులో ఎడినోసీను అను పదార్థమొకటి ఊపిరి కేంద్రమునకు పగ్గమువలె నుండునట. కెఫీను ఆ పగ్గమును సడలించును. మొదట బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు, మరునాటినుండి దినమున కొక్కమారు కిలోకు 5 మొదలు 10 మిల్లీగ్రాముల వరకు ఇత్తురు. ఈ సంగతి విని అత్తగారు, "పురిటి వాసన పోని పసికందుకు కాఫీయా! మా యింట పదునారేండ్లు నిండువరకు పిల్లలకు కాఫీచుక్క తగులనీయలేదే!" అని బుగ్గ నొక్కుకొనిరి. బిడ్డ పుట్టిన తరువాత ఆమె నవ్వుట అదే మొదలు.

నవ్వులాటకు చెప్పితిని గాని ఇది తూచి యిచ్చు ఔషధము. ఇంటి కాఫీని ఏ పసిబిడ్డకును ఒక్క చుక్కయైన పట్టరాదు. మందు హెచ్చినచో గుండె మిక్కిలి వేగముగా కొట్టుకొనును. 1970 ప్రాంతములలో థియోఫిల్లీను అను దాని చుట్టపు మందును వాడెడివారు. దానికంటె కెఫీను క్షేమమని తేలినది. కెనడా దేశపు వైద్యురాలు బార్బరా ష్మిట్ ముందుండి, పెక్కు దేశములలో 500 మొదలు 1,250 గ్రాముల వరకు బరువుగల 2,006 మంది శిశువులపై దీనిని పరీక్షించి, 2006, 2007 సంవత్సరములలో ఫలితములు ప్రకటించిరి. మందు లేని బిడ్డలలో నూటికి 47 మందికి ఊపిరితిత్తుల జబ్బు నిలిచిపోగా, మందు పొందినవారిలో 36 మందికే నిలిచెను. ఏడాదిన్నర దాటిన పిమ్మట చూడగా, కాలుసేతులు బిగిసికొనిపోవు మస్తిష్క పక్షవాతము కూడ తక్కువమందికే కనబడెను. "కాఫీ" అని యిల్లంతయు నవ్వుకొన్న మందు ఇంత పని చేయునని తెలిసి మావారు ఆ లెక్కలను తన పుస్తకములో వ్రాసికొనిరి.

మందుతో పాటు మొదటి పది దినములు బిడ్డ ముక్కున చిన్న గొట్టములుంచి, కొలిచిన ఒత్తిడితో గాలి పంపిరి. దీనివలన గొంతును ఊపిరితిత్తులును ముడుచుకొనిపోవు. సీపాప్ అను ఈ పద్ధతిని 1971లో అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ యను వైద్యుడు శిశువులకు ప్రవేశపెట్టెను. ప్రాణవాయువు మంచిదే గదా, ధారాళముగా నీయరాదా యని నేనడిగితిని. మితిమీరినచో నెలతక్కువ బిడ్డల కంటిపొర చెడి చూపు పోవచ్చునని, అందుకే పాదమునకు ఎఱ్ఱదీపపు పట్టీ కట్టి ఎల్లవేళల కొలుచుచున్నామని చెప్పిరి. నాలుగవ వారమున వాని కండ్లను ప్రత్యేకముగా పరీక్షించిరి. ఇట్టి బిడ్డలుగల తల్లులు ఈ కంటి పరీక్షను మరువరాదు.

గొట్టములు తీసిన పిమ్మట సిస్టరుగారు "రేపటినుండి కంగారూ పద్ధతి," అనిరి. అత్తగారు "ఉన్న కంగారు చాలక మరల నొక కంగారా?" అనిరి! కడుపుసంచిలో పిల్లను మోయు జంతువు పేరది. బిడ్డను గుడ్డ లేకుండ, తలకు టోపీయు నడుమునకు లంగోటియు మాత్రముంచి, తల్లి రొమ్ముల నడుమ నిలువుగా పరుండబెట్టి పైన గుడ్డ చుట్టుదురు. తల ఒక ప్రక్కకు తిరిగి, గడ్డము కొంచె మెత్తి యుండవలెను. ఆ యెత్తులోనే ఊపిరిదారి యున్నది. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో ఎడ్గార్ రే యను వైద్యుడు, పెట్టెలు చాలక, దీనిని మొదలుపెట్టెనట. పేదరికమున పుట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు సంపన్న దేశములును అనుసరించుచున్నవి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, ఆఫ్రికాలోని నాలుగు దేశముల ఆసుపత్రులును కలిసి చేసిన పరిశోధన 2021లో వెలువడినది. పుట్టిన వెంటనే ఇట్లు పొదివికొన్న చిన్నబిడ్డలలో నెలలోపల మరణించినవారు నూటికి 12 మంది. ఆలస్యముగా మొదలిడినవారిలో ఇంచుమించు 16 మంది. మా వానికి నా రొమ్ముమీద నున్నంతసేపు యంత్రము కూయుట తక్కువయ్యెను. నేను స్నానమునకు పోయినప్పుడు మావారు చొక్కా విప్పి పొదివికొనెడివారు. మొదటిదినము ఆయన సిగ్గుపడిరి. పిమ్మట నేను అడిగినను వెంటనే తిరిగి యీయలేదు.

ఇక్కడ నొక సంగతి చెప్పవలెను. నాకు తోచక దినములు గడచుటలేదని మావారు నూరుపుటల పుస్తకము తెచ్చి, బడి హాజరుపట్టీవలె గీతలు గీసి యిచ్చిరి. ఊపిరి ఆగిన వేళ, ఎన్ని సెకండ్లు, రంగు మారినదా, తానే తీసెనా, తట్టిన పిమ్మట తీసెనా, పాలెన్ని పట్టిరి, ఇవి గళ్లు. "బడిలో పిల్లవాడు రాకున్న గుర్తు పెట్టుదుము. వీడు ఊపిరి బడికి రాని వేళలు నీవు గుర్తు పెట్టుము," అనిరి. మొదటి వారము దినమునకు ఎనిమిది, తొమ్మిది గుర్తులుండెను. రెండవ వారము తుదికి ఒకటి, రెండుగా తగ్గెను.

పదునారవనాటి రాత్రి ఒక్క జామున నాలుగు గుర్తులు పడినవి. త్రాగిన పాలు అరుగక కక్కెను. ఒడలు పాలిపోయినట్లు తోచెను. ఆ వేళ నున్న చిన్న డాక్టరునకు చెప్పితిని. ఆయన "నెలతక్కువ పిల్లలకు ఇవి మామూలేనమ్మా, పోయి పడుకొనుడు," అని లేచిపోయెను. మరల చెప్పితిని. విసుగుకొనెను. నేను చిన్నబోయి వచ్చి కూర్చుంటిని గాని నిద్రపోలేదు. తెల్లవారులోపల మరి మూడు గుర్తులు వ్రాసితిని. ఉదయము పెద్ద డాక్టరుగారు రాగానే నోరు పెగలక పుస్తకము చేతికిచ్చితిని. ఆయన మూడు పుటలు త్రిప్పి, మొగము మార్చి, తక్షణమే నెత్తురు పరీక్షకు పంపిరి. నెత్తురులో విషక్రిములు చేరియుండెను. పది దినములు సూదిమందులిచ్చిరి. "మానుచున్న జబ్బు ఒక్కసారిగా మరల హెచ్చినదన్న, అది నెలతక్కువ వలన కాదు, వేరేదో యున్నదని తలపవలెను. చీము, చలి, చక్కెర తగ్గుట, నెత్తురు చాలకుండుట, ఏదైన కావచ్చును. సమయమునకు చూపితివి తల్లీ," అనిరి.

ఆ చిన్న డాక్టరును నిందించుటకు దీనిని వ్రాయలేదు. ఆ రాత్రి ఆయనకు ఇరువదిమంది బిడ్డలు. నాకొక్కడే. అందుకే తల్లి కన్ను కావలెను. వ్రాత నేర్చిన సోదరీమణులారా, ఆసుపత్రికి పోవునప్పుడు కాగితమును కలమును కొనిపొండు. నోటిమాటను భయమనుకొందురు, వేళతో సహా వ్రాసిన దానిని చదువుదురు.

ఆ పది దినములలో అత్తగారు మంచముకడ కూర్చుండి ఉత్తరాగర్భము కథ చెప్పుమనెడివారు. అశ్వత్థామ యస్త్రముచే ఊపిరి లేక పుట్టిన పరీక్షిత్తును శ్రీకృష్ణుడు బ్రదికించిన కథ మీకందరికి తెలిసినదే. ఎన్నిమారులు చదివితినో! ఎప్పుడును కృష్ణుని మహిమనే చూచితిని. ఈమారు చెప్పుచుండగా ఉత్తర కనబడినది. చిన్నవయసు పిల్ల, మగడు పోయినవాడు, ఎదుట ఊపిరి లేని బిడ్డ. బ్రదికిన పిమ్మట నైనను ఆమె ఎన్ని రాత్రులు వాని రొమ్ముపై చేయి వేసికొని మేలుకొనెనో కవులు చెప్పలేదు.

34 వారముల యీడు రాగానే కెఫీను నిలిపిరి. పెద్దవారిలో నీ మందు కొన్ని గంటలలో సగము తగ్గును; పసివారిలో సగము తగ్గుటకే నాలుగు దినములు పట్టును. కనుక మందు మానిన వెంటనే ఇంటికి పంపక, మందు పూర్తిగా దిగిపోయిన తరువాత ఒక వారమైన ఊపిరి ఆగకుండుట చూచెదరు. పుస్తకములో కడపటి గుర్తు డిసెంబరు 31వ తేదిది. తరువాతి పుటలలో తారీకులు మాత్రమే యున్నవి. భోగినాడు మమ్ములను పంపిరి. ఇంటి ముంగిట భోగిమంటయుండగా, పొగ తగులునని అత్తగారు మమ్ము పెరటిదారిని లోనికి తీసికొనిపోయిరి.

పంపుటకు ముందు మాకు నేర్పిన మాటలు మీకును చెప్పెదను. బిడ్డను వెల్లకిల, గట్టి పరుపుమీద, తలగడ లేకుండ పరుండబెట్టవలెను. ఇంట చుట్ట, బీడీ పొగ ఉండరాదు. చలి తగులనీయరాదు. ఊపిరి ఆగినట్లు తోచిన అరికాలు తట్టి, వీపు నిమిరి, మెడ వంగకుండ సరిచేయవలెను. అప్పటికిని తీయనిచో మన నోటితో బిడ్డ నోరును ముక్కును కలిపి మూసి, బుగ్గలలోని గాలిమాత్రమే మెల్లగా నూదుట వారు బొమ్మమీద చేయించి చూపిరి; అట్టి బిడ్డ తల్లులందరు అడిగి నేర్చుకొనవలెను. వెంటనే 108కి తెలుపవలెను. బిడ్డను పట్టి ఊపరాదు. ముక్కులో నూనె పోయరాదు. చురకలు ముమ్మాటికిని పెట్టరాదు. ఇంటికి వచ్చిన బిడ్డకు ఊపిరి ఆగుట మరల కనబడిన, అది చిన్నదైనను, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో పసిబిడ్డ వైద్యమునకు రుసుము లేకుండ 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమమును ఏర్పరచిరి. డబ్బు లేదని జాగు చేయవలదు.

మా వాడిప్పుడు బడికి పోవుచున్నాడు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఎక్కములు ఒక్క ఊపిరిలో వల్లించి, "అమ్మా, ఆపకుండ చెప్పినాను, చూచితివా?" అనును. చూచితి నందును. మొన్న బీరువా సర్దుచుండగా ఆ నూరుపుటల పుస్తకము దొరికినది. చెదలు పట్టకుండ వేపాకు పెట్టి, భారతము ప్రక్కనే యుంచితిని.